సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ముల్లు పైకి లేస్తోంది: 74 అంబాసిడర్‌కి ఏం జబ్బు?

మార్క్2_మద్దిలపాలెం (ఆదివారం, రాత్రి 9:20)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారి బండి 1974 మోడల్ మార్క్ 2 అంబాసిడర్. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్ (పెట్రోల్లో గాలి కలిపేది), బ్యాటరీ చార్జింగ్‌కి ఇంకా డైనమోతోనే నడుస్తోంది. నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, డ్రైవింగ్ మానేశారు. ఆదివారాలు నేనే బయటికి తీస్తున్నాను.

పొద్దున్నే ఆరింటికి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్లొస్తే టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదలదు. ఆనందపురం వైపు హైవే మీద 70లో లాగినా అంతే. అదే సాయంత్రం జగదాంబ జంక్షన్‌లోనో, షిఫ్టు వదిలే వేళ గాజువాకలోనో ఇరుక్కుంటే ఆరేడు నిమిషాల్లో ముల్లు లేస్తుంది. పది నిమిషాలు దాటితే రేడియేటర్ మూత పక్కనున్న సన్న పైపులోంచి నీళ్లు కక్కుతుంది. మళ్లీ ఒక అర కిలోమీటరు ఖాళీ రోడ్డు దొరికిందంటే తనంతట తనే దిగిపోతుంది.

ఇంతవరకు చేయించినవి: రేడియేటర్ విప్పి రాడింగ్ (ట్యూబుల్లో కడ్డీ దూర్చి మట్టి తీయడం), కొత్త మూత, కొత్త హోస్ పైపులు. చివరికి మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లకి దారి తెరిచే వాల్వ్) కూడా పీకేశాడు. ఆరువేల ఐదొందలు వదిలాయి, వీసమెత్తు తేడా లేదు. పోయిన వారం కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా బానెట్ ఎత్తుకుని నిలబడితే ఒక కుర్రాడు వచ్చి బండితో సెల్ఫీ దిగాడు. ఆవిరి కూడా ఫొటోలో పడిందో లేదో చూసుకుని మరీ వెళ్లాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గాజువాక_గేర్‌బాక్స్ (ఆదివారం, రాత్రి 9:41)

హెడ్ గ్యాస్కెట్ బ్రదర్, ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు పోయింది. నీళ్లు కక్కుతోందంటే ఇంక ఆలోచించేదేం లేదు. హెడ్ దింపించు, ఫేసింగ్ కొట్టించు, కొత్త గ్యాస్కెట్ వేయించు. లేటు చేస్తే హెడ్ పగులుతుంది.

పద్మిని_పెదవాల్తేరు (ఆదివారం, రాత్రి 9:58)

మన ఊరి ఉక్కపోతకి మనుషులే మరుగుతున్నారు, బండ్లు మరగవా? బీచ్ గాలిలో తేమ ఎక్కువ, అందుకే రేడియేటర్ చల్లబడదు. మా పద్మిని కారు కూడా మే నెలలో కొంచెం గునుస్తుంది. సాయంత్రాలు తీయకండి, గొడవ వదిలిపోతుంది.

సింధియా_తాత (ఆదివారం, రాత్రి 10:35)

గేర్‌బాక్స్ బాబూ, ఆగు. హెడ్ మీద చెయ్యి వేయకముందు ఆ అబ్బాయి రాసింది ఇంకోసారి చదువు. "ఖాళీ రోడ్డు దొరికితే తనంతట తనే దిగిపోతుంది" అన్నాడు. గ్యాస్కెట్ పోయిన బండికి 70లో లాగినప్పుడు సిలిండర్లో ప్రెషర్ ఇంకా ఎక్కువ, నీళ్లలోకి గ్యాసు ఇంకా ఎక్కువ దూరుతుంది. హైవే మీద బుద్ధిగా ఉండి, నిలబెట్టినప్పుడు మాత్రమే అల్లరి చేసే గ్యాస్కెట్ అరుదు.

నేను ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో ఇంజిన్ రూముల్లో బతికినవాణ్ణి. ఓడ ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు వేరు, ఆ నీళ్లని చల్లబరిచే సముద్రం నీళ్లు వేరు. సముద్రానికి కరువు లేదు కాబట్టి ఓడ ఆగినా, కదిలినా పంపు తిరిగినంతసేపూ చల్లదనానికి ఢోకా లేదు. కారుకి గాలే సముద్రం. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 17 మీటర్ల గాలి గ్రిల్లు మీదికి దానంతటదే వచ్చి పడుతుంది. ఆగావంటే ఆ సముద్రం ఎండిపోయినట్టే. అప్పుడు దిక్కు ఫ్యాన్ ఒక్కటే. అది కూడా ఐడిలింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, నిదానంగా తిరుగుతుంటుంది.

కాబట్టి కదిలితే తగ్గి, ఆగితే పెరిగే వేడికి మొదట గాలి దారి చూడాలి, ఆ తర్వాతే నీటి దారి. నువ్వు ఖర్చుపెట్టిన ఆరువేల ఐదొందలూ నీటి దారి మీదే పెట్టావు.

రేపు సాయంత్రం ఒక పని చెయ్యి. ఖర్చు సున్నా. ఇంట్లో పెడస్టల్ ఫ్యాన్ ఉంటుంది కదా. బండిని నీడలో నిలబెట్టి ఐడిలింగ్‌లో వదిలెయ్యి. ముల్లు లేవడం మొదలుపెట్టగానే ఆ ఫ్యాన్‌ని గ్రిల్లు ముందు పెట్టి ఫుల్ స్పీడులో తిప్పు. ముల్లు దిగితే జబ్బు గాలిదే. దిగకపోతే గేర్‌బాక్స్ బాబు మాట వింటాను.

పద్మిని గారూ, ఉక్కపోత మన చెమటకి శత్రువు గానీ రేడియేటర్‌కి కాదు. మన ఒళ్లు చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది, తేమ ఎక్కువైతే చెమట ఆరదు. రేడియేటర్‌కి చెమట పట్టదు కదా. దానికి కావలసింది తనకన్నా చల్లగా ఉన్న గాలి, అంతే. 35 డిగ్రీల గాలి 90 డిగ్రీల రేడియేటర్‌కి చలిగాలి కిందే లెక్క.

బీచ్‌రోడ్_బుల్లెట్ (ఆదివారం, రాత్రి 10:50)

రేడియేటర్‌కి చెమట పట్టదు 😂 తాతగారూ ఇది ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి.

కానీ ఉప్పుగాలి సంగతి మాత్రం నిజం. ఆర్కే బీచ్ పక్కన ఉండే మా ఇంట్లో కిటికీ గ్రిల్లులు మూడేళ్లకోసారి మార్చాల్సి వస్తోంది. పాత రాగి రేడియేటర్‌లో ట్యూబులకీ రేకులకీ మధ్య ఉన్న మాటు ఉప్పుకి పచ్చగా పూసి ఊడిపోతుంది. పైకి అన్నీ బాగానే కనిపిస్తాయి, రేకు మాత్రం ట్యూబుకి అంటుకుని ఉండదు. వేడి ట్యూబులోనే ఉండిపోతుంది. రాడింగ్ చేయించినా లాభం ఉండదు, అది లోపలి మట్టికే. గోటితో రేకుల్ని మెల్లగా నొక్కి చూడండి, పొడిలా రాలిపోతే కోర్ (ట్యూబులూ రేకులూ ఉన్న భాగం) మార్చాల్సిందే.

మార్క్2_మద్దిలపాలెం (సోమవారం, రాత్రి 8:15)

తాతగారూ, చేశాను. ముల్లుని నమ్మబుద్ధి కాక ఆఫీసులో ఎలక్ట్రీషియన్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ అడిగి తెచ్చాను. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుందన్నాడు, అందుకని థర్మోస్టాట్ హౌసింగ్ మీద, రేడియేటర్ పై ట్యాంకు మీద, కింది ట్యాంకు మీద నల్ల టేపు ముక్కలు అంటించి వాటి మీద కొలిచాను.

కాలనీలో నాలుగు వీధులు తిప్పి తెచ్చి నిలబెట్టినప్పుడు 79. ఐడిలింగ్‌లో ఐదు నిమిషాలకి 85, పది నిమిషాలకి 94, పద్నాలుగో నిమిషంలో 100 దాటింది. అప్పటికి పై ట్యాంకు 99, కింది ట్యాంకు 93. అమ్మ అరుస్తున్నా వినకుండా హాల్లో పెడస్టల్ ఫ్యాన్ తెచ్చి ముందు పెట్టాను. నాలుగు నిమిషాల్లో 87కి దిగి అక్కడే ఆగింది. పై ట్యాంకు 86, కిందది 76.

రేకులు గోటికి రాలడం లేదు. గట్టిగానే ఉన్నాయి.

సింధియా_తాత (సోమవారం, రాత్రి 8:52)

శభాష్. ఈ నాలుగు అంకెలు ఆరువేల ఐదొందలకన్నా ఎక్కువ చెప్పాయి.

పెడస్టల్ ఫ్యాన్ పెట్టాక పై ట్యాంకుకీ కింది ట్యాంకుకీ పది డిగ్రీల తేడా వచ్చింది. అంటే వాటర్ పంప్ నీళ్లు తిప్పుతోంది, రేడియేటర్ వేడి వదులుతోంది. నీళ్లు తిరగకపోతే పైన సలసల, కింద చల్లగా ఉండేది. ట్యూబులు మూసుకుపోయి ఉంటే ఎంత గాలి ఇచ్చినా ఇంత తొందరగా దిగదు. ఫ్యాన్ పెట్టకముందు తేడా ఆరే. వేడి మోసుకుపోయే గాలి లేదు. జబ్బు గాలిదే.

ఇప్పుడు గాలి ఎందుకు రావడం లేదో చూద్దాం. ఇంజిన్ ఆపి, ఫ్యాన్ బెల్ట్ పొడుగ్గా ఉన్న వైపు మధ్యలో బొటనవేలితో నొక్కు. అర అంగుళం దాకా ఊగాలి. అంతకన్నా వదులైతే జారుతుంది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో గ్రిల్లు ముందు నుంచి ఒక తెల్ల కాగితం రేడియేటర్‌కి ఆనించి వదులు. ఫ్యాన్ బాగా లాగుతుంటే కాగితం అతుక్కుని ఉంటుంది. చొక్కా చేతులు మడుచుకో, కండువా గానీ లుంగీ గానీ దరిదాపుల్లోకి రానివ్వకు. ఫ్యాన్‌కి దయాదాక్షిణ్యాలు ఉండవు.

ఆ థర్మోస్టాట్ మళ్లీ పెట్టించు. అది తీసేస్తే చల్లబడుతుందనేది మన మెకానిక్కుల పాత నమ్మకం. బాగున్న థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక అది దారికి అడ్డం కాదు. తీసేస్తే ట్రాఫిక్‌లో ఏం మారదు గానీ, పొద్దున్నే భీమిలి వెళ్లేటప్పుడు ఇంజిన్ చాలాసేపు చల్లగానే తిరిగి లోపల జిడ్డు కడుతుంది. అనుమానం ఉంటే గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీసి మరిగించి చూడు. తెరుచుకుంటే మంచిది, లేకపోతే కొత్తది కొను.

గాజువాక_గేర్‌బాక్స్ (సోమవారం, రాత్రి 9:10)

సరే తాతగారూ, ఒప్పుకున్నా. మరి నీళ్లు ఎందుకు కక్కుతోంది?

సింధియా_తాత (సోమవారం, రాత్రి 9:26)

రెండు రకాల కక్కుడు ఉంది బాబూ. ఒకటి నిజంగా మరిగి కక్కడం. రెండోది పొద్దున్న చల్లటి ఇంజిన్‌లో మెడ దాకా నింపితే, వేడెక్కి వ్యాకోచించిన నీళ్లు బయటికి రావడం. నీళ్లు మామూలు వేడి నుంచి మరిగే వేడికి వచ్చేసరికి నూటికి నాలుగు వంతులు పెరుగుతాయి. ఎనిమిది లీటర్లు పట్టే చోట దాదాపు మూడో వంతు లీటరు. పాత బండ్లకి పక్కన బాటిల్ ఉండదు, అది రోడ్డు మీదికే పోతుంది. చాలామంది రోజూ పొద్దున్నే మెడ దాకా నింపుతారు, రోజూ కక్కుతుంది, రోజూ టెన్షన్ పడతారు. ట్యాంకులో ఒక అంగుళం ఖాళీ వదిలితే చాలు.

ఇంకో మాట. మూత మార్చానన్నాడు, ఎన్ని పౌండ్ల మూతో చూడమను. మూత బిగించి పెట్టే ఒక్కో పౌండు ప్రెషర్‌కి నీళ్లు మరిగే వేడి ఒకటిన్నర డిగ్రీ పైగా పెరుగుతుంది. ఏడు పౌండ్ల మూత అయితే 100 కాదు, 111, 112 దాకా మరగవు. అలాగని కొత్త కార్ల 13 పౌండ్ల మూత తెచ్చి బిగించేరు, యాభై ఏళ్ల రేడియేటర్ మాట్లు ఊడిపోతాయి. వేడి మీద మూత మాత్రం తీయకండి. నా ఎడమ చేతి మీద మచ్చ ఇంకా ఉంది.

కంచరపాలెం_క్లాసిక్ (సోమవారం, రాత్రి 10:05)

ఇంత గొడవ ఎందుకండీ, మారుతి 800 ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చి ముందు బిగించేస్తే పోతుంది కదా. మా కాంటెస్సా కారుకి అదే చేశాను. ఏసీ వేసుకుని సిరిపురం సిగ్నల్‌లో కూర్చున్నా చలనం లేదు.

బీచ్‌రోడ్_బుల్లెట్ (సోమవారం, రాత్రి 10:12)

మీ కాంటెస్సాకి ఆల్టర్నేటర్ ఉంది అన్నా. ఆయన బండికి డైనమో. ఐడిలింగ్‌లో డైనమో ఇచ్చేది దాదాపు సున్నా, డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అవసరం పడేది సరిగ్గా అప్పుడే. ఫ్యాన్, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ బ్యాటరీ మీద పడితే ఒక వానాకాలం సాయంత్రం కాన్వెంట్ జంక్షన్‌లో లారీల మధ్య తోసుకోవాల్సిందే. నాకు అనుభవం. ఆల్టర్నేటర్ మార్చుకుంటే వేరే సంగతి.

పైగా 1974లో ఈ బండి ఎలక్ట్రిక్ ఫ్యాన్ లేకుండానే విశాఖలో తిరిగింది కదా. అప్పుడు చాలిన ఫ్యాన్ ఇప్పుడు ఎందుకు చాలడం లేదు? అది తేల్చకుండా ఇంకో ఫ్యాన్ బిగించడం అంటే చెవుడు వచ్చిందని రేడియో సౌండ్ పెంచుకున్నట్టే.

మార్క్2_మద్దిలపాలెం (మంగళవారం, సాయంత్రం 6:30)

బెల్ట్ బాగానే ఉంది, అర అంగుళమే ఊగుతోంది. కాగితం విషయం అర్థం కాలేదు. అతుక్కుంటోంది గానీ నీరసంగా. చిన్న గాలి వచ్చినా జారిపోతోంది. కింద మూలల్లో అసలు నిలబడటం లేదు. యాక్సిలరేటర్ రైజ్ చేస్తే నిలబడుతోంది.

మూత మీద 7 అనే ఉంది. థర్మోస్టాట్ గిన్నెలో వేస్తే బుద్ధిగా తెరుచుకుంది, మళ్లీ పెట్టించేశాను.

పద్మిని_పెదవాల్తేరు (మంగళవారం, సాయంత్రం 6:55)

పెట్రోలు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోలుకి 14.7 వంతుల గాలి కావాలి, ఈ కలిపినదానికి పదమూడున్నర చాలు. మన పాత కార్బురేటర్‌కి ఆ సంగతి తెలియదు, పాత లెక్క ప్రకారమే గాలి కలుపుతుంది. అంటే మిక్స్చర్ పలచబడుతుంది. పలచటి మిక్స్చర్‌తో ఐడిలింగ్ కుదురుగా ఉండదు, వేడి కూడా పెరుగుతుంది.

ఎస్‌యూలో చూడటం చాలా తేలిక. ఇంజిన్ బాగా వేడెక్కాక, కార్బురేటర్ పక్కన కింద ఉండే చిన్న పిన్నుని వేలితో పైకి నెట్టి పిస్టన్‌ని మిల్లీమీటరు కన్నా తక్కువ లేపండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే మిక్స్చర్ చిక్కగా ఉంది. కొద్దిగా పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉంది. ఆగిపోబోతే పలచగా ఉంది. ఉక్కపోత విషయంలో పప్పులో కాలేశాను గానీ ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

గాజువాక_గేర్‌బాక్స్ (మంగళవారం, రాత్రి 7:20)

టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా చూసుకోండి. ఈసారి ఆలోచించే రాస్తున్నా :) స్పార్క్ ఆలస్యంగా పడితే మంట ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచేదాకా మండుతూనే ఉంటుంది, ఆ వేడంతా ఎగ్జాస్ట్ పోర్టుల చుట్టూ ఉన్న నీళ్లలోకి పోతుంది. చెవితో పెట్టిన టైమింగ్‌ని నమ్మకండి. స్పార్క్‌తో పాటు మెరిసే స్ట్రోబ్ లైట్ పెట్టి చూడాలి.

సింధియా_తాత (మంగళవారం, రాత్రి 8:40)

ఇద్దరూ మంచి మాటలే చెప్పారు. రెండూ చూడాలి. కానీ నా మనసు ఆ నీరసపు కాగితం మీదే ఉంది.

మార్క్2 బాబూ, మొదట అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను, తప్పు నాదే. ఈ జబ్బు ఎప్పుడు మొదలైంది? దానికి ముందు బండి మీద చివరగా చెయ్యి పెట్టింది ఎవరు, ఏం చేశారు? ఇంజిన్లు ఊరికే అలగవు.

మార్క్2_మద్దిలపాలెం (మంగళవారం, రాత్రి 9:02)

పోయిన వానాకాలం చివర్లో వాటర్ పంప్ సీల్ కారుతుంటే పంప్ మార్పించాను. తర్వాత చలికాలం కాబట్టి నేను గమనించలేదేమో. ఫిబ్రవరి నుంచి ఈ గోల. అదే చేత్తో సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజిన్‌లో టకటక చప్పుడు) వస్తోందంటే టైమింగ్ కూడా కొంచెం వెనక్కి జరిపారు.

పంప్ కొత్తదే కదా అని ఇది చెప్పలేదు.

సింధియా_తాత (మంగళవారం, రాత్రి 9:08)

ఫ్యాన్ పక్క నుంచి ఒక ఫొటో పెట్టు. రేడియేటర్ ఎడం పక్క, ఇంజిన్ కుడి పక్క కనపడాలి. రెక్క వంపు తెలియాలి.

మార్క్2_మద్దిలపాలెం (మంగళవారం, రాత్రి 9:31)

[ఫొటో] సెల్ ఫోన్ లైటుతో తీశాను, ఇంతకన్నా రాలేదు.

సింధియా_తాత (మంగళవారం, రాత్రి 9:37)

దొరికాడు దొంగ.

ఫ్యాన్ తిరగేసి బిగించారు. రెక్క గరిటెలా ఉంటుంది చూడు, ఆ గుంట ఇంజిన్ వైపు ఉండాలి, ఉబ్బు రేడియేటర్ వైపు ఉండాలి. నీ ఫొటోలో గుంట రేడియేటర్‌ని చూస్తోంది. పంప్ మార్చినప్పుడు ఫ్యాన్ విప్పి కింద పెట్టి ఉంటారు, ఎత్తేటప్పుడు ఏ ముఖం ముందో చూసుకోలేదు.

కంచరపాలెం_క్లాసిక్ (మంగళవారం, రాత్రి 9:50)

తాతగారూ, క్షమించాలి. ఫ్యాన్ తిరగేస్తే గాలి ఇంజిన్ వైపు నుంచి ముందుకి వీయాలి కదా? అప్పుడు కాగితం ఎగిరిపోవాలి. ఆయన కాగితం అతుక్కుందనే చెప్పారు. అంటే ఫ్యాన్ సరిగ్గానే ఉన్నట్టు.

సింధియా_తాత (మంగళవారం, రాత్రి 10:15)

అందరూ పడే గుంటే ఇది. మెకానిక్కులు కూడా "గాలి లాగుతోంది కదా, ఫ్యాన్ ఓకే" అని వదిలేసేది ఇందుకే.

ఒక నట్టు తీసుకో. బోల్టుకి ఎక్కించు. ఇప్పుడు తీసి తిరగేసి మళ్లీ ఎక్కించు. అదే కుడి వైపు తిప్పితేనే ఎక్కుతుంది కదా? తిరగేసినంత మాత్రాన మర ఎడమ మర అయిపోదు. ఫ్యాన్ రెక్కల ఏటవాలు కూడా మర లాంటిదే. తిరగేసినా, అదే దిక్కుకి తిరుగుతున్నంతకాలం గాలి అటే పోతుంది. దిక్కు మారాలంటే తిరిగే దిశ మారాలి.

మారేది రెక్క వంపు. గరిటె గుంటతో పులుసు తోడితే నిండా వస్తుంది. అదే గరిటెను బోర్లించి తోడు, నాలుగు బొట్లు వస్తాయి. గాలి అదే వైపు వెళ్తుంది గానీ జారిపోతూ, సుడులు తిరుగుతూ బాగా తగ్గిపోతుంది. రైజ్ చేస్తే ఆ లోటు కొంత పూడుతుంది, ఐడిలింగ్‌లో బయటపడుతుంది. కాగితం నీరసం అదే.

కంచరపాలెం_క్లాసిక్ (మంగళవారం, రాత్రి 10:44)

ఇప్పుడే మా టేబుల్ ఫ్యాన్ రెక్క విప్పి తిరగేసి పెట్టి చూశాను. గాలి ముందుకే వస్తోంది, కానీ నా బనియన్ కూడా కదలడం లేదు. దండం తాతగారూ. మా ఆవిడకి ఏం చేస్తున్నానో వివరించడానికి ఇంతసేపు పట్టింది.

మార్క్2_మద్దిలపాలెం (గురువారం, రాత్రి 8:05)

నిన్న సాయంత్రం చేశాను. రేడియేటర్ దింపకుండానే కుదిరింది. బెల్ట్ వదులు చేసి, 7/16 స్పానర్‌తో నాలుగు బోల్టులు. రాయడానికి ఒక వాక్యం, చేయడానికి గంటన్నర, వేళ్ల మీద తోలు. రెండు బోల్టులకి స్ప్రింగ్ వాషర్లు కూడా లేవు, కొత్తవి వేశాను.

నాన్నగారు బాల్కనీలోంచి చూస్తూ "పంప్ మార్చినప్పుడు నన్ను పిలిచి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నారు. ఆయనకి అప్పుడే తెలిసి ఉంటే ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదని అడగలేదు.

ఇప్పుడు కాగితం గట్టిగా అతుక్కుంటోంది, పీకితే చిరిగేలా ఉంది. అదే చోట, దాదాపు అదే ఎండ. ఐడిలింగ్‌లో పది నిమిషాలకి 88, ఇరవై నిమిషాలకి 93. అక్కడ ఆగింది. కానీ ఇంకా కొంచెం ఎక్కువే అనిపిస్తోంది.

గాజువాక_గేర్‌బాక్స్ (గురువారం, రాత్రి 8:20)

ఆ మిగిలింది నాది. టైమింగ్. ఘాట్‌లో నాకింగ్ వస్తోందని వెనక్కి జరిపారన్నావు కదా. శనివారం మధ్యాహ్నం ఆటోనగర్ వైపు వస్తే నా దగ్గర స్ట్రోబ్ లైట్ ఉంది. బండి పుస్తకం తెచ్చుకో, డిగ్రీలు అందులో చూసే పెడదాం.

మార్క్2_మద్దిలపాలెం (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

నిన్న గేర్‌బాక్స్ అన్న దగ్గరికి వెళ్లాను. లైటు పెడితే పుల్లీ మీద గీత టాప్ దాటిపోయి ఉంది, అంటే పిస్టన్ దిగడం మొదలుపెట్టాక స్పార్క్ పడుతోంది. స్పార్క్‌ని పుట్టించే పాయింట్ల గ్యాప్ కూడా మూసుకుపోయి ఉంది. గ్యాప్ సరిచేసి, పుస్తకంలో ఉన్నట్టు టైమింగ్ పెట్టాం. పద్మిని గారు చెప్పిన పిన్ను పరీక్ష కూడా చేశాం, ఆగిపోబోయింది. మిక్స్చర్ నట్టు ఒక ముఖం, మళ్లీ ఇంకో ముఖం కిందికి తిప్పాక సరిపోయింది. ఐడిలింగ్ ఇప్పుడు కుట్టు మిషన్‌లా ఉంది.

ఈ ఉదయం కావాలనే పదింటికి, ఎండలో, పూర్ణా మార్కెట్ మీదుగా తీసుకెళ్లాను. కూరగాయల బండ్లు, ఆటోలు, ఒక పెళ్లి బ్యాండు. పావుగంట కదల్లేదు. ముల్లు మధ్యలో నుంచి ఒక గీత పైకి వెళ్లి అక్కడే నిలబడింది. ఇంటికి వచ్చి కొలిస్తే 87.

ఇంజిన్ ఆపేశాక ఐదు నిమిషాలకి మళ్లీ 92 చూపించింది. ఇది మామూలేనా?

సింధియా_తాత (ఆదివారం, మధ్యాహ్నం 2:30)

మామూలే. ఇంజిన్ ఆగితే పంపూ ఫ్యాన్ కూడా ఆగిపోతాయి, ఇనుములో దాగిన వేడి మాత్రం ఎక్కడికి పోతుంది? నీళ్లలోకి వస్తుంది. కాసేపటికి దిగిపోతుంది. బాగా తిరిగి వచ్చినప్పుడు ఆపేముందు ఒక నిమిషం ఐడిలింగ్‌లో వదిలితే మంచిది.

ఆ వేడే కార్బురేటర్‌కీ ఎక్కుతుంది. ఆపిన పది నిమిషాలకి మళ్లీ స్టార్ట్ చేస్తే మొరాయించిందంటే, అది ఓవర్‌హీట్ అనుకుని మళ్లీ రేడియేటర్ విప్పకు. పెట్రోలు ఆవిరైపోయి పైపులో గాలి బుడగలు కట్టి ఉంటాయి. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. బానెట్ ఎత్తి కాసేపు వదిలెయ్యి.

రేడియేటర్‌లో మున్సిపాలిటీ నీళ్లా, బోరు నీళ్లా? బోరు నీళ్లు అయితే తీసెయ్యి. మన తీరంలో బోరు నీళ్లతో ఏడాదికి టీ కెటిల్ అడుగున కట్టినట్టు తెల్లగా కడుతుంది, నువ్వు చేయించిన రాడింగ్ వృథా. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయి. మనకి గడ్డకట్టే చలి లేదు కాబట్టి మూడో వంతు కూలెంట్ చాలు, తుప్పు పట్టకుండా ఉండటానికే.

పద్మిని_పెదవాల్తేరు (ఆదివారం, మధ్యాహ్నం 2:48)

ఆ మెకానిక్‌తో మాట్లాడారా?

మార్క్2_మద్దిలపాలెం (ఆదివారం, మధ్యాహ్నం 3:05)

మాట్లాడాను. "గాలి లాగుతోంది కదా సార్" అన్నాడు. నట్టూ బోల్టూ ఇచ్చి తిరగేసి ఎక్కించమన్నాను. రెండుసార్లు ఎక్కించి దింపి, టీ తెప్పించాడు.

భీమిలి_కాంటెస్సా (ఆదివారం, సాయంత్రం 5:40)

అందరికీ నమస్కారం, మొత్తం చదివాను. నాది ఉల్టా సమస్య. ట్రాఫిక్‌లో చల్లగా ఉంటుంది, హైవే మీద 90 దాటితే వేడెక్కుతుంది. నా ఫ్యాన్ కూడా తిరగేసి ఉందేమో చూడమంటారా?

సింధియా_తాత (ఆదివారం, సాయంత్రం 6:02)

ఫ్యాన్ జోలికి పోకు బాబూ. ఆ వేగంలో గాలికి కొదవ లేదు, నీది నీటి దారి. బానెట్ ఎత్తి ఇంజిన్ రైజ్ చేసి, రేడియేటర్ కింది హోస్ పైపుని చూడు. పంపు లాగే వేగానికి అది లోపలికి నొక్కుకుపోతుంటే చెప్పు. ఫొటో తీసి కొత్త చర్చ మొదలుపెట్టు, ఇక్కడ కలిపేస్తే తర్వాత వెతికేవాళ్లకి గజిబిజి అవుతుంది.